ఆఫీసు డేటాబేస్ సర్వర్: నాకు రోజూ ఎదురయ్యే అపోహలు, అసలు సంగతులు

చిన్న ఆఫీసుల్లో డేటాబేస్ పెట్టి నడిపించడం నా పని. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు, రైసుమిల్లు, రక్తపరీక్షల ల్యాబు ఇలాంటివి. ఐదారు కంప్యూటర్లుంటాయి. మూలనున్న పాత డెస్క్‌టాప్‌లో విండోస్‌కు బదులు లినక్స్ వేసి, డేటాబేస్ అందులో పెట్టి, దాన్నే సర్వర్ అంటాం. బిల్లింగ్ దగ్గర విండోస్, ఓనరుగారి అబ్బాయి చేతిలో మ్యాక్. ఫోన్ వస్తే మాత్రం "డేటాబేస్ పోయిందండీ" అనే వస్తుంది. వెళ్లి చూస్తే అది నిక్షేపంగా నడుస్తూ ఉంటుంది. తేడా కొట్టింది దానికీ కంప్యూటరుకీ నడుమ.

అపోహ: షేర్డ్ ఫోల్డర్‌లో ఫైలు పెడితే అదే సర్వర్.

కాదు. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రాం ఫైలును షేర్ చేస్తే ప్రతి కంప్యూటరూ నేరుగా అందులో చెయ్యి పెట్టి రాస్తుంది. రాస్తుండగా వైఫై తెగితే మర్నాడు ఫైలు తెరుచుకోకపోవచ్చు. పైగా అది 2 జీబీ దాటదు. ఒకే ఫైల్లో ఉండే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ మంచి సరుకే, కానీ నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పెట్టి నలుగురూ వాడొద్దని తయారుచేసినవాళ్లే చెబుతారు. ఒకరు రాస్తుండగా ఇంకొకరిని ఆపే ఫైలు లాకింగ్‌ను నెట్‌వర్క్ మీద నమ్మలేం. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ లాంటి సర్వర్ డేటాబేస్‌లు వేరు. అక్కడ కౌంటర్లో గుమస్తా కూర్చుని ఉంటాడు. మనం చీటీ ఇస్తాం, బీరువా తెరిచేది అతనొక్కడే.

అపోహ: పింగ్ వెళ్తోందంటే కనెక్షన్ ఉన్నట్టే.

ఎక్కువ గంటలు నేను ధారపోసింది ఇక్కడే. పింగ్ అంటే అవతలి మెషిన్‌ను ఉన్నావా అని పలకరించే కమాండ్. అది చెప్పేది మెషిన్ బతికే ఉందని మాత్రమే. డేటాబేస్ వినేది తన పోర్ట్ (నంబరున్న తలుపు) మీద: మైఎస్‌క్యూఎల్‌కు 3306, పోస్ట్‌గ్రెస్‌కు 5432, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు 1433. అందుకే ముందు ఎర్రర్ మెసేజ్ పూర్తిగా చదవమంటాను. ఎవరూ చదవరు, ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు, అదీ సగం తెగిపోయి.

"రెఫ్యూజ్డ్" అని త్వరగా వచ్చేస్తే, మెషిన్ దాకా వెళ్లాం, ఆ పోర్ట్ మీద వినేవాడు లేడు. చాలాసేపు తిరిగి తిరిగి "టైమౌట్" అంటే దాదాపు ఫైర్‌వాల్ (బయటి కనెక్షన్లను అడ్డుకునే ప్రోగ్రాం) పనే, లేదా ఐపీ (నెట్‌వర్క్‌లో మెషిన్ అడ్రసు) తప్పు. పోస్ట్‌గ్రెస్‌లో ఎవరిని రానివ్వాలో రాసి ఉండే పీజీ హెచ్‌బీఏ ఫైల్లో ఎంట్రీ లేదని అంటే సంతోషించండి, డేటాబేస్ గుమ్మం దాకా చేరారు, కాపలావాడి చిట్టాలో మీ పేరు లేదంతే.

ఉబుంటు అనే లినక్స్‌లో వేసిన పోస్ట్‌గ్రెస్ మొదట్లో లోకల్‌హోస్ట్ మాటే, అంటే తానున్న మెషిన్ మాటే వింటుంది. లిజన్ అడ్రసెస్ అనే సెట్టింగు మార్చి సర్వీసు రీస్టార్ట్ చేయాలి. హెచ్‌బీఏ ఫైలు మారిస్తే రీలోడ్ చాలు. విండోస్ ఇన్‌స్టాలర్ మాత్రం అన్ని అడ్రసుల మీదా వినేలా పెట్టి వదులుతుంది, అక్కడ అడ్డం పడేది ఫైర్‌వాల్. జబ్బు ఒకటే, మందులు రెండు.

ఒక ల్యాబులో అకౌంట్స్ మేడమ్ "శనివారం దాకా వచ్చింది సార్, ఇవాళ రావట్లేదు" అన్నారు. ఆదివారం కరెంటు పోయి వచ్చింది, రౌటర్ సర్వర్‌కు కొత్త ఐపీ ఇచ్చింది, బిల్లింగ్ కంప్యూటర్లు పాత అడ్రసుకే వెళ్లి తలుపు కొడుతున్నాయి. రౌటర్‌లో ఐపీ రిజర్వ్ చేయడం రెండు నిమిషాల పని. అది కనుక్కోవడానికి నాకు గంటన్నర పట్టింది.

అపోహ: విండోస్‌లో నడిచిన ప్రోగ్రాం లినక్స్ సర్వర్ మీదా అలాగే నడుస్తుంది.

మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ పేరు ఫైలు పేరుగా మారుతుంది. కాబట్టి మామూలు సెట్టింగుల్లో విండోస్‌లో ఆ పేరుకు ఇంగ్లీషు పెద్ద బడి, చిన్న బడి అక్షరాల తేడా లేదు, లినక్స్‌లో ఉంది. ఈ తేడా చూడాలా వద్దా అనే సెట్టింగును 8.0 వెర్షన్ నుంచి మొదటిసారి డేటాబేస్ తయారుచేసేటప్పుడే ఇవ్వాలి, తర్వాత కుదరదు.

ఎక్సెల్ లాంటి ప్రోగ్రాంలను డేటాబేస్‌తో కలిపే ఓడీబీసీ సంగతి ఇంకా చిత్రం. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉన్నది 64 బిట్ ఓడీబీసీ టూలు. 32 బిట్‌ది సిస్‌వావ్64లో ఉంటుంది. రెండు ఫైళ్లకూ పేరు ఒకటే, చివర 32. పేర్లు పెట్టినవారికో దండం. ఎక్సెల్ 32 బిట్‌దైతే డ్రైవర్ కూడా 32 బిట్‌దే కావాలి.

అపోహ: తెలుగు సరిగా రాకపోతే ఫాంట్ లేదన్నమాట.

ఖాళీ డబ్బాలు కనిపిస్తే అవును, ఫాంటే. నెత్తిన గీతలున్న రోమన్ అక్షరాలు, మధ్యమధ్య డిగ్రీ గుర్తులు కనిపిస్తే చాలాసార్లు డేటా బాగానే ఉంటుంది, చదివే ప్రోగ్రాం అది యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలూ దాచే పద్ధతి) అని గుర్తుపట్టలేదు. ప్రశ్నార్థకాలు కనిపించి, డేటాబేస్‌లోనూ అవే ఉంటే పేరు పోయినట్టే, వెనక్కి రాదు.

ఇది నేను చేసిన తప్పుతోనే నేర్చుకున్నాను. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కాలమ్‌ను ఏ భాషైనా పట్టే ఎన్‌వార్‌చార్ రకంగానే పెట్టాను, కానీ డేటా ఎక్కించే ఇన్సర్ట్ కమాండ్‌లో కోట్ ముందు ఎన్ అక్షరం మర్చిపోయాను. రమణమ్మ అని కొడితే ఆరు ప్రశ్నార్థకాలు పడ్డాయి. కంటికి నాలుగక్షరాలే కదా, ఆరెందుకు? ఒత్తును కంప్యూటర్ మ, పొల్లు, మ అని విడివిడిగా దాచుకుంటుంది. ఆరు రోజుల పేషెంట్ల పేర్లు కాగితం రిజిస్టర్ చూసి మళ్లీ ఎక్కించాం.

అను ఫాంట్లలో కొట్టిన పాత డేటా ఉంటే అది వేరే కథ. అది యూనికోడ్ (అన్ని భాషలకూ ఉన్న ఉమ్మడి అక్షరాల పట్టిక) తెలుగే కాదు, మార్చి ఎక్కించాల్సిందే.

అపోహ: రౌటర్‌లో 3306 పోర్ట్ తెరిస్తే ఇంటి నుంచి చూసుకోవచ్చు.

మీరూ చూసుకోవచ్చు, ఊరూవాడా చూసుకోవచ్చు. వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి మీకు మాత్రమే ఉండే దారి) పెట్టుకోండి.

అపోహ: డేటా ఫోల్డర్ కాపీ చేస్తే బ్యాకప్ అయినట్టే.

నడుస్తున్న సర్వర్ ఫోల్డర్ కాపీ చేస్తే సగం ఫైళ్లు పది గంటలప్పటివి, సగం పది దాటి ఐదు నిమిషాలప్పటివి. విండోస్ పోస్ట్‌గ్రెస్ ఫోల్డర్‌ను తెచ్చి లినక్స్‌లో పెడితే అసలు లేవదు. డంప్, అంటే డేటా మొత్తాన్నీ కమాండ్లుగా రాసిన ఫైలు, తీయాలి. అందులోనూ ఒక గొయ్యి ఉంది. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ అనే కమాండ్ విండోలో బాణం గుర్తుతో (>) మైఎస్‌క్యూఎల్ డంప్‌ను ఫైల్లోకి మళ్లిస్తే ఆ ఫైలు యూటీఎఫ్-16 అనే వేరే పద్ధతిలో తయారవుతుంది, తిరిగి ఎక్కదు. రిజల్ట్ ఫైల్ అనే ఆప్షన్ వాడాలి. ఒక ఆఫీసులో నాలుగు నెలల డంపులు ఇలాగే పేరుకుని ఉన్నాయి. నేను వెళ్లేదాకా ఒక్కటి కూడా తిరిగి ఎక్కించి చూడలేదు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి యూటీఎఫ్-8గా సేవ్ చేస్తే ఎక్కాయి, ఒక్కొక్కటీ చేత్తోనే.