ప్రాక్సీ ఓట్ల గొడవ: 1909లో ఏం జరిగింది?

నాణేల సేకర్తల క్లబ్బుల్లో ఎన్నికలు దగ్గరపడితే చాలు, ఓటు హక్కు గొడవ మళ్ళీ మొదలవుతుంది. సమావేశానికి రాలేని సభ్యుడి ఓటు, ఆయన రాసిచ్చిన అనుమతితో (దీన్నే ప్రాక్సీ అంటారు) ఇంకొకరు వేయవచ్చా? ఎన్నికల ముందు హడావుడిగా చేరినవాళ్ళకు ఓటు ఇవ్వాలా? సభ్యుల జాబితా కార్యవర్గం దగ్గరే ఉండాలా, పోటీ చేసేవాళ్ళందరికీ చూపించాలా? ఇప్పుడు వినిపిస్తున్న వాదనల్లో చాలావరకు 110 ఏళ్ళకు ముందే అమెరికాలోని నాణేల సేకర్తల సంస్థ అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్‌లో నడిచినవే.

1891లో చికాగోలో ఆ సంస్థ పుట్టిన కథ నాణేల సేకర్తలకు తెలిసిందే. ఇక్కడ కావలసింది ఒక్క సంగతి. సభ్యులందరూ చదివే ‘ది న్యూమిస్మాటిస్ట్’ పత్రిక సంస్థది కాదు. సంస్థకు మూడేళ్ళ ముందే డాక్టర్ జార్జ్ హీత్ పెట్టుకున్న సొంత పత్రిక అది. దూరదూరాన ఉన్న సభ్యులకు సంస్థ అంటే ఇంటికొచ్చే ఆ పత్రికే. హీత్ మీద అందరికీ నమ్మకం ఉండేది, అందుకే ఆయన ఉన్నన్నాళ్ళూ ఇది ఎవరికీ సమస్యగా తోచలేదు.

1908లో హీత్ చనిపోయాడు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. అప్పటి అధ్యక్షుడు ఫారన్ జెర్బీ ఆ పత్రికను హీత్ కుటుంబం నుంచి కొన్నాడు. సంస్థ కోసమే కొంటున్నాడని చాలామంది అనుకున్నారు. తీరా చూస్తే పత్రిక ఆయన సొంతమైంది. సంస్థ పదవి, సభ్యులను చేరుకునే దారి రెండూ ఒకే మనిషి చేతికి వచ్చాయి.

మరుసటి ఏడాది కెనడాలోని మాంట్రియల్‌లో జరిగిన సమావేశంలో అధ్యక్ష పదవికి ఎన్నిక. జెర్బీ వర్గం డాక్టర్ జె.ఎం. హెండర్సన్‌ను బలపరిచింది. ఎదుటి అభ్యర్థి ఫ్రాంక్ డఫీల్డ్. సమావేశానికి వచ్చినవాళ్ళు కొద్దిమందే కాబట్టి, రానివాళ్ళు రాసిచ్చిన ప్రాక్సీలే ఫలితాన్ని తేల్చే పరిస్థితి. జెర్బీ వర్గం కొత్త సభ్యులను గుంపుగా చేర్పించి వాళ్ళ ప్రాక్సీలు పోగేశారని ప్రత్యర్థులు ఆరోపించారు. న్యూయార్క్ నాణేల వ్యాపారి థామస్ ఎల్డర్ జెర్బీని బాహాటంగా దుయ్యబట్టాడు. అధ్యక్షుడి చేతిలోనే పత్రిక ఉంటే అసమ్మతి సభ్యుల మాట మిగతావాళ్ళకు చేరేదెలా అన్న ప్రశ్న అక్కడ సహజంగానే పుట్టింది. ఏళ్ళ తరబడి చందా కట్టినవాడి ఓటుకూ, నిన్నగాక మొన్న చేరి సంతకం చేసిచ్చినవాడి ఓటుకూ లెక్కింపులో తేడా లేకుండా పోయింది.

హెండర్సన్ గెలిచాడు.

జెర్బీ వైపు చెప్పుకోదగ్గది లేకపోలేదు. హీత్ తర్వాత పత్రిక ఆగిపోకుండా నడిపింది ఆయనే. దూరాన ఉన్నవాళ్ళకు ప్రాక్సీ కూడా లేకపోతే ఓటే ఉండదన్న మాటలోనూ నిజముంది.

అయితే తర్వాత వచ్చిన మార్పు చూడండి. మాంట్రియల్‌కు చెందిన డబ్ల్యూ.డబ్ల్యూ.సి. విల్సన్ పత్రికను జెర్బీ దగ్గర కొని సంస్థకు కానుకగా ఇచ్చాడు. 1911 నుంచి అది సంస్థదే. 1912లో సంస్థకు అమెరికా కాంగ్రెస్ (ఆ దేశ పార్లమెంటు) చట్టం ద్వారా ఇచ్చే గుర్తింపు, అంటే చార్టర్, దక్కింది. ఓడిపోయిన డఫీల్డ్ 1915 నుంచి పాతికేళ్ళకు పైగా అదే పత్రికకు సంపాదకుడిగా పనిచేశాడు. జెర్బీ పేరు మాత్రం సంస్థ అత్యున్నత పురస్కారానికి దశాబ్దాల పాటు ఉండి, ఈమధ్యనే తొలగింది.

ఓటు హక్కును అన్ని సంస్థలూ ఒకేలా చూడవు. 1858లో న్యూయార్క్‌లో పుట్టిన అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీలో ఓటు ఫెలోలకే (ప్రత్యేకంగా ఎంపికైన సభ్యులకే), మామూలు సభ్యులకు కాదు. అది కనీసం ముందే చెప్పి పెట్టిన నియమం. అందరికీ ఓటు ఉందని చెప్పి, సభ్యుల జాబితా ఒకరి దగ్గరే దాచుకునే క్లబ్బుల్లో సభ్యుడికి ఆ మాత్రం స్పష్టత కూడా ఉండదు. సభా నిర్వహణలో చాలామంది ప్రమాణంగా తీసుకునే రాబర్ట్స్ రూల్స్ పుస్తకం కూడా, సభ్యత్వం వ్యక్తిగతమై, ఇంకొకరికి బదిలీ చేయలేని సంఘాల్లో ప్రాక్సీని ఒప్పుకోవద్దనే చెబుతుంది.

ఇవాళ పత్రిక స్థానంలో ఈమెయిల్ జాబితా, వాట్సాప్ గ్రూప్ అడ్మిన్ హక్కులు వచ్చాయి. కోరం (సమావేశం చెల్లడానికి కావలసిన కనీస హాజరు) నిండాలంటే ప్రాక్సీ తప్పదని కార్యవర్గాలు అంటున్నాయి. బ్యాలెట్ నేరుగా సభ్యుడి ఇంటికే పంపించే వీలున్నప్పుడు ఆ వాదన నిలబడదు. అసమ్మతి సభ్యులు అడుగుతున్నవి మూడే: రహస్య బ్యాలెట్ నేరుగా సభ్యుడికే రావాలి, కొత్తగా చేరినవాళ్ళకు ఓటు ఏ తేదీ నుంచో బైలాలో (క్లబ్బు నియమావళిలో) రాయాలి, సభ్యుల జాబితా అభ్యర్థులందరికీ ఒకే రోజు అందాలి. మొదటి దానికి ఒప్పుకుంటున్న కార్యవర్గాలు కూడా జాబితా దగ్గరికి వచ్చేసరికి వాయిదా వేస్తున్నాయి.