రికార్డర్ ఊదడం: అపోహలు - వాస్తవాలు

రికార్డర్ నేర్పిస్తానంటే చాలామంది సౌండ్ రికార్డింగ్ అనుకుంటారు. టేప్ రికార్డర్, విమానంలో ఫ్లైట్ రికార్డర్, ఇంగ్లండ్ కోర్టుల్లో రికార్డర్ అనే హోదాలో కూర్చునే జడ్జి కూడా ఉన్నారు మరి! నేను నేర్పేది ఊదే వాద్యం.

అపోహ: అది పిల్లల ఆటవస్తువు.
వాస్తవం: ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ 1547లో చనిపోయాక రాసిన ఆస్తుల జాబితాలో 76 రికార్డర్లున్నాయి. జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన బ్రాండెన్‌బర్గ్ కన్సెర్టోలనే వాద్యబృంద రచనల్లో రెండో దానికీ నాలుగో దానికీ రికార్డర్లు కావాలి. ప్లాస్టిక్‌వి చవకగా దొరికి స్కూళ్లలో నిండిపోయాయి కాబట్టి ఆ పేరు పడింది.

అపోహ: ఫ్లూట్ వచ్చినవాళ్లకి ఇదీ వచ్చేస్తుంది.
వాస్తవం: అడ్డంగా పట్టే ఫ్లూట్‌లో గాలి ఎటు పోవాలో పెదవులు నిర్ణయిస్తాయి. రికార్డర్‌లో ఆ పని నోటి దగ్గరి సన్నని గాలిదారిదే. అందుకే మొదటిరోజే శబ్దం వస్తుంది. కానీ ముందు ఏడు రంధ్రాలు, వెనక బొటనవేలికి ఒకటి. పై స్థాయి స్వరాలకి ఆ వెనక రంధ్రాన్ని గోరు మందం మాత్రమే తెరవాలి. సగం విద్య అక్కడే ఉంది.

అపోహ: గట్టిగా ఊదితే బాగా వినిపిస్తుంది.
వాస్తవం: గట్టిగా ఊదితే శృతి పైకి జారుతుంది, నెమ్మదిస్తే కిందికి దిగుతుంది. కాబట్టి బిగ్గర, మెల్లన అనే తేడా ఊపిరితో చూపించడం కష్టం. ఆ లోటు నాలుకతో తీర్చుకోవాలి. ప్రతి స్వరాన్నీ "తు" అనో "దు" అనో మొదలుపెడతాం, ఎంతసేపు పట్టి ఎక్కడ వదలాలో చూసుకుంటాం. నా దగ్గరికి వచ్చేవాళ్లు వేళ్ల గురించే టెన్షన్ పడతారు, నేను మాత్రం ముందు నాలుకనే వింటాను.

అపోహ: కొత్తవాళ్లకి జర్మన్ ఫింగరింగే సులువు.
వాస్తవం: ఫింగరింగ్ అంటే ఏ స్వరానికి ఏ రంధ్రాలు మూయాలనే పద్ధతి. రికార్డర్లు జర్మన్, బరోక్ అని రెండు రకాలుగా వస్తాయి. జర్మన్‌లో ఒక్క ఎఫ్ స్వరం సులువు, అంతే. దానికి అర మెట్టు పైనుండే ఎఫ్ షార్ప్ దగ్గర శృతి కుదరక ఇబ్బంది పడతారు. బరోక్ ఫింగరింగే కొనండి.

అపోహ: గరగరమంటే పాడైనట్టే.
వాస్తవం: ఊపిరిలోని తేమ గాలిదారిలో నీటిబొట్లుగా చేరుతుంది. వాయించేముందు పై ముక్కని చేతిలో పట్టుకుని వెచ్చబరచండి. అయినా గరగరమంటే, ఆ ముక్క మీద శబ్దం పుట్టే కిటికీలాంటి రంధ్రాన్ని వేలితో తేలిగ్గా మూసి ఒక్కసారి గట్టిగా ఊదండి. పుల్లలూ పిన్నులూ లోపల పెట్టకండి. ఆ కిటికీ అంచు గీసుకుపోతే నాదమే మారిపోతుంది.