‘వద్దు’ అన్న మాటకు విలువ దక్కిన క్రమం

చికిత్స ఇక చాలునని రోగి అంటే ఆ మాట మన్నించాలా, వద్దా అన్న ప్రశ్న వైద్యరంగంలో చాలాకాలం అసలు తలెత్తనే లేదు. రోగి వైద్యుడి ఆదేశాలకు వెంటనే, మారుమాట లేకుండా లోబడాలని 1847లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తన నియమావళిలోనే రాసుకుంది. 1961లో వెలువడిన ఒక సర్వేలో దాదాపు 90 శాతం వైద్యులు క్యాన్సర్ సంగతి రోగికి చెప్పకపోవడానికే మొగ్గు చూపారు. తన జబ్బేమిటో తెలియని మనిషి దేన్ని కాదనగలడు?

చట్టంలో మార్పుకు బీజం అంతకు ముందే పడింది. 1908లో న్యూయార్క్‌లో మేరీ ష్లోయెన్‌డార్ఫ్ అనే మహిళ మత్తులో పరీక్షకు మాత్రమే ఒప్పుకొని, ఆపరేషన్ వద్దని చెప్పినా వైద్యులు కణితిని తొలగించారని, ఆ తర్వాత చేతికి గాంగ్రీన్ సోకి కొన్ని వేళ్లు పోయాయని కోర్టుకెక్కింది. వయసు వచ్చి, మతి స్థిమితంగా ఉన్న ప్రతి మనిషికీ తన శరీరాన్ని ఏం చేయాలో నిర్ణయించుకునే హక్కు ఉందని 1914లో న్యాయమూర్తి కార్డోజో రాసిన వాక్యం ఆ తీర్పులోనిదే. ఆ కేసులో ఆమె ఓడిపోయిందన్న సంగతి మాత్రం ఎవరికీ పెద్దగా గుర్తులేదు.

వెంటిలేటర్లు వచ్చాక చిక్కు ముదిరింది. ఎందుకంటే ఇప్పుడు నోరు విప్పలేని మనిషి తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి. 1975లో స్పృహ కోల్పోయిన కేరన్ ఆన్ క్విన్లన్‌కు వెంటిలేటర్ తీసివేయాలని తల్లిదండ్రులు కోరగా, వైద్యులు నిరాకరించారు. 1976లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు తండ్రి పక్షాన నిలిచింది. యంత్రం తీసినా ఆమె తనంతట తాను ఊపిరి పీల్చుకుంటూ 1985 దాకా బతికింది. గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడాన్ని మాత్రం తల్లిదండ్రులు ఆపమనలేదు. బయటినుంచి చూసేవారికి పొంతన లేనట్టు తోచినా, ఎక్కడ ఆగాలో వారికి వారుగా గీసుకున్న గీత అది.

నోరు పడిపోకముందే తన కోరికను కాగితంపై పెట్టే ‘లివింగ్ విల్’ ఆలోచనను 1969లోనే లూయిస్ కుట్నర్ అనే న్యాయవాది ప్రతిపాదించారు. భారత సుప్రీంకోర్టు దానికి 2018 మార్చి 9న ఆమోదముద్ర వేసింది. అయితే మేజిస్ట్రేట్ సంతకం తప్పనిసరి కావడంతో ఆచరణ కష్టమైంది. 2023లో ఆ నిబంధనను సడలించి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ సరిపోతుందన్నారు.

నా దృష్టిలో అసలు పీటముడి కోర్టుల బయటే ఉంది. రోగి ‘వద్దు’ అంటే అయినవారికి అది తమను వదిలి వెళ్లిపోతానన్నట్టే వినిపిస్తుంది. సరేనంటే చేతులారా చంపుకున్నామన్న నింద మిగులుతుందని భయం. చట్టం కూడా వారిని దాటిపోలేదు. రోగి నిర్ణయం తీసుకోలేని స్థితికి చేరాక, విల్లులో ఎంత స్పష్టంగా రాసి ఉన్నా, అందులో తాను పేర్కొన్న వ్యక్తి సమ్మతి కూడా తీసుకున్నాకే వైద్యులు చికిత్స ఆపాలి.