ఇల్లు రోడ్డుకు ఎంత దూరం?

చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాదు నుంచి మచిలీపట్నం వెళ్లే 65వ నంబరు రహదారి విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర కలుస్తాయి. ఆ రోడ్లను ఆనుకుని ఉన్న ఇంటి బిడ్డ, అక్కడి నుంచి కిలోమీటరు దూరాన లోపలి సందులో పెరుగుతున్న బిడ్డ ఒకే ఊరివాళ్లే అయినా వాళ్లు పీల్చే గాలి ఒకటి కాదు. పిల్లల ఉబ్బసానికీ వాహనాల పొగకూ సంబంధం ఉందా అన్న ప్రశ్న మీద జరిగిన పరిశోధనలో పెద్ద భాగం ఈ తేడాను ఆధారం చేసుకునే సాగింది.

ఇందులో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ఉబ్బసం ఉన్న పిల్లలకు పొగ వల్ల ఆయాసం పెరుగుతుందా అన్నది మొదటిది. దీని గురించి ఇప్పుడు పెద్దగా సందేహం లేదు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు పొగే కొత్తగా ఉబ్బసాన్ని తెస్తుందా అన్నది రెండవది, కష్టమైనది. అమెరికా ప్రభుత్వమూ వాహన పరిశ్రమా కలిసి నిధులిచ్చే హెల్త్ ఎఫెక్ట్స్ ఇన్‌స్టిట్యూట్ 2010లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నిటినీ పరిశీలించి, మొదటిదానికి సాక్ష్యం చాలినంత ఉందని, రెండవదాని విషయంలో ఇంకా తేల్చి చెప్పలేమని అభిప్రాయపడింది. అదే సంస్థ 2022లో మళ్లీ పరిశీలించినప్పుడు, పిల్లల్లో ఉబ్బసం కొత్తగా రావడానికీ రోడ్ల పొగకూ సంబంధం ఉందన్న నమ్మకం మధ్యస్థ స్థాయిని దాటి అధిక స్థాయికి చేరువైందని ప్రకటించింది. పన్నెండేళ్లలో త్రాసు ఒక వైపుకు మొగ్గింది.

ఎందుకు మొగ్గిందో శరీరం లోపల జరిగేది చూస్తే కొంత అర్థమవుతుంది. ఇంజనులో ఇంధనం మండే వేడికి గాలిలోని నత్రజని, ఆక్సిజన్ కలిసి నత్రజని ఆక్సైడులు ఏర్పడతాయి. వాటిలో నైట్రోజన్ డయాక్సైడ్ శ్వాసనాళాల లోపొరను రేపి వాపు తెస్తుంది. డీజిలు మసి రేణువులు వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కన్నా సన్నవి కనుక ముక్కులో ఆగకుండా లోతుకు దిగుతాయి. పుప్పొడి వంటి వాటితో కలిపి ఈ మసిని ముక్కుకు తాకించి చేసిన ప్రయోగాల్లో, అలర్జీకి మూలమైన ఐజీఈ అనే ప్రతిదేహాలు (యాంటీబాడీలు) పెరిగాయి. అంటే పొగ తాను చేసే కీడుతో ఆగక, మామూలు దుమ్మును కూడా శరీరానికి శత్రువును చేస్తుంది. పిల్లలు తమ బరువుకు తగ్గట్టు లెక్కిస్తే పెద్దల కన్నా ఎక్కువ గాలి పీలుస్తారు. వాళ్ల శ్వాసనాళాలు సన్నవి కావడం వల్ల కొద్దిపాటి వాపుకే దారి ఇరుకై, రాత్రిళ్లు తల్లులను నిద్రపోనివ్వని ఆ పిల్లికూతలు మొదలవుతాయి.

అయినా ఒక్క పొగనే నిందించడం తేలిక కాదు. గుంటూరులో మిర్చి యార్డు ఘాటు ఉంది, ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం ఉంది, ఇళ్లలో దోమల చుట్ట, గోడల చెమ్మ, వంశంలో వచ్చిన ఆయాసం ఉన్నాయి. వీటన్నిటి నుంచి పొగ పాత్రను విడదీయాలంటే పిల్లలను ఏళ్ల తరబడి గమనించాలి. దక్షిణ కాలిఫోర్నియాలో 1990ల నుంచి ఆ పనే చేశారు. పెద్ద రహదారికి 500 మీటర్ల లోపు పెరిగిన పిల్లల ఊపిరితిత్తుల సామర్థ్యం, 1,500 మీటర్లకు అవతల పెరిగిన వాళ్లతో పోలిస్తే తక్కువగా వృద్ధి చెందింది. నన్ను ఎక్కువగా ఒప్పించింది మాత్రం దీని తరువాతి ఫలితం: 1993 నుంచి 2014 వరకు అక్కడి గాలి శుభ్రపడుతూ వచ్చిన కొద్దీ, నైట్రోజన్ డయాక్సైడ్ తగ్గిన చోట కొత్తగా ఉబ్బసం బారిన పడే పిల్లల సంఖ్య కూడా తగ్గింది.

2015 నాటి గాలిని లెక్కలోకి తీసుకున్న ఒక అంచనా ప్రకారం ఈ వాయువు కారణంగా ప్రపంచంలో ఏటా 40 లక్షల మంది పిల్లలకు కొత్తగా ఉబ్బసం వస్తోంది. అందులో సుమారు మూడున్నర లక్షలు మన దేశంలోనే. ఇది గణితం చెప్పిన అంచనాయే తప్ప ఆసుపత్రుల్లో లెక్కపెట్టిన సంఖ్య కాదు.

మన దేశంలో ఈ వాయువుకు వార్షిక సగటు పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు; ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది 10. విజయవాడ, గుంటూరు రెండూ 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ఉన్నప్పటికీ, ఆ కార్యక్రమం లక్ష్యాలు ధూళి రేణువుల గురించే. ధూళి తగ్గించడం అవసరమే, కానీ రోడ్డు పక్క బిడ్డకు హాని చేసే వాయువు అందువల్ల లెక్కలోకి రాకుండా పోతోంది. పైగా ఊరి సగటు ఎంత అన్నది, బడి వదిలే వేళ ఇంజను ఆపని బస్సుల మధ్య ఆటో ఎక్కుతున్న పిల్లవాడు ఏం పీలుస్తున్నాడో చెప్పలేదు. పొగగొట్టానికి అతని ముక్కు మనకన్నా దగ్గర. చలికాలం ఉదయాల్లో నేలకు దగ్గరి చల్లగాలి పైకి లేవక పొగను కిందనే పట్టి ఉంచుతుంది; బడికి బయలుదేరేది సరిగ్గా అప్పుడే.

బడి ప్రధాన ద్వారం పెద్ద రోడ్డు వైపు కాక పక్క వీధిలోకి పెట్టడం, ఆటోలు ఆగే చోట ఇంజన్లు ఆపించడం పెద్ద ఖర్చు లేని పనులు. ఉబ్బసంతో వచ్చిన బిడ్డను చూసే వైద్యులు ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉందా, ఎవరైనా చుట్ట కాలుస్తారా అని అడుగుతారు. ఇల్లూ బడీ పెద్ద రోడ్డుకు ఎంత దూరమో కూడా అడిగి చీటీలో రాసి ఉంచితే, కొన్నేళ్లకు ఈ ఊరి పిల్లల సంగతి చెప్పడానికి కాలిఫోర్నియా దాకా వెళ్లవలసిన పని ఉండదు.