ఎక్కువ ఆవర్ధనానికి విశాల దృశ్యం ఎందుకు? ఐపీసు తగవు వెనుక కథ

గురుడో శనియో రాత్రి పొడవునా కనిపించే కాలం రాగానే ఔత్సాహిక ఖగోళ పరిశీలకుల మధ్య ఒక పాత తగవు మళ్లీ రాజుకుంటుంది. గ్రహాలను ఎక్కువ ఆవర్ధనంతో, అంటే ఎక్కువ రెట్లు పెద్దవిగా, చూడదలచినవారు 82 లేదా 100 డిగ్రీల దృశ్య కోణం (కంటికి కనిపించే గుండ్రటి దృశ్యపు వెడల్పు) ఉన్న ఐపీసు, అంటే దూరదర్శినిలో కన్ను ఆనించి చూసే కటకాల అమరిక, కొనాలా, లేక 40, 50 డిగ్రీలకు పరిమితమైన ఆర్థోస్కోపిక్, ప్లోసెల్ రకాలతో సరిపెట్టుకోవాలా అన్నదే ఆ తగవు. గ్రహం నడిమధ్యన చిన్న బిళ్లలా ఉండగా దాని చుట్టూ ఉన్న నల్లని ఆకాశానికి డబ్బు పోయడం దండగని ఒక పక్షం అంటుంది. చైనాలో తయారైన చవక రకాలు వచ్చాక ఈ వాదం సద్దుమణగకపోగా ఇంకా పెరిగింది.

దీని మూలం పాత ఐపీసుల రూపకర్తలైన హైగెన్స్ కాలంలో గానీ, ప్లోసెల్ కాలంలో గానీ లేదు. అసలు మలుపు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంది. వేదాంత సొసైటీ మఠ జీవితంలో ఇరవై ఏళ్లకు పైగా గడిపిన జాన్ డాబ్సన్ 1967లో బయటికి వచ్చి, చెక్కపెట్టె మీద చేత్తో తిప్పుకొనే పెద్ద దర్పణ దూరదర్శినులను వీధుల్లోకి తెచ్చాడు. ఆ పద్ధతి పరిశీలకుల ఇళ్లకు చేరింది; 1980 ప్రాంతంలో కౌల్టర్ ఆప్టికల్ సంస్థ అమ్మిన 13.1 అంగుళాల ఒడిస్సీ దూరదర్శిని నాభ్యంతర నిష్పత్తి (దర్పణం నుంచి బింబం ఏర్పడే చోటికి ఉన్న దూరాన్ని, అంటే నాభ్యంతరాన్ని, దర్పణం వ్యాసంతో భాగిస్తే వచ్చేది) 4.5 మాత్రమే. ఖర్చు తగ్గింది, దర్పణం పెరిగింది, కానీ భూభ్రమణాన్ని అనుసరించే మోటారు లేదు.

మోటారు లేకపోతే ఏమవుతుందో లెక్క వేసి చూడవచ్చు. ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించుకొనే రేఖ) దగ్గర వస్తువు సెకనుకు 15 ఆర్క్ సెకన్ల చొప్పున జరిగిపోతుంది; ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు. 200 మిల్లీమీటర్ల దర్పణం, 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న దూరదర్శినికి 6 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న ఐపీసు పెడితే ఆవర్ధనం 200 రెట్లు (1200ను 6తో భాగిస్తే). దృశ్య కోణాన్ని ఆవర్ధనంతో భాగిస్తే ఆకాశంలో నిజంగా కనిపించే వెడల్పు వస్తుంది. ప్లోసెల్ 50 డిగ్రీల దృశ్యంలో గ్రహం ఒక అంచు నుంచి మరో అంచుకు సుమారు 60 సెకన్లలో దాటిపోతుంది. 82 డిగ్రీలకు 98 సెకన్లు, 100 డిగ్రీలకు 120 సెకన్లు పడుతుంది. గొట్టాన్ని నెట్టిన ప్రతిసారీ అది వణికి కుదుటపడటానికి కొన్ని సెకన్లు పోతాయి, గాలి నిశ్చలమయ్యే క్షణం కోసం కాచుకోవడానికి మరికొన్ని పోతాయి. గురుగ్రహపు పట్టీల్లోని సన్నని వివరం సాధారణంగా ఆ క్షణంలోనే కనిపిస్తుంది. దృశ్యం చుట్టూ ఉన్న నలుపు వృథా కాదనడానికి ఇంతకన్నా ఆధారం అక్కరలేదు.

అయితే అంచుల దాకా బొమ్మ చెదరకుండా ఉంటేనే ఈ లెక్క నిలుస్తుంది. పాత ఎర్ఫ్లే రకం ఐపీసు 60 డిగ్రీలకు పైగా చూపినా, తక్కువ నాభ్యంతర నిష్పత్తి ఉన్న దర్పణానికి దాన్ని అమరిస్తే అంచున నక్షత్రాలు గీతలుగా సాగిపోయేవి. ఈ చిక్కును విప్పినవాడు ఆల్ నాగ్లర్. అపోలో చంద్రనౌక శిక్షణ యంత్రానికి 110 డిగ్రీల దృశ్యాన్ని చూపే కటక వ్యవస్థ రూపకల్పనలో పాలుపంచుకొన్న ఆయన, 1977లో టెలివ్యూ సంస్థను స్థాపించి, 1980ల ఆరంభంలో 13 మిల్లీమీటర్ల 82 డిగ్రీల ఐపీసును తెచ్చాడు. కాంతి వచ్చే వైపున వికేంద్రీకరించే కటకాల జతను, దాని వెనుక కేంద్రీకరించే కటకాల వరసను ఉంచడమే అందులోని కిటుకు. దీనివల్ల అంచుల దోషం తగ్గడమే గాక, తక్కువ నాభ్యంతరంలోనూ కన్ను కటకానికి మరీ అంటుకోనక్కరలేదు; 6 మిల్లీమీటర్ల ప్లోసెల్‌లోనైతే రెప్పలు గాజును తాకుతాయి. తొలి నమూనాలో కన్ను కాస్త పక్కకు జరిగితే చిక్కుడుగింజ ఆకారంలో నల్లని నీడ పడేది, బరువూ ఎక్కువే. ఆ నీడను తర్వాతి నమూనాల్లో చాలావరకు తగ్గించారు.

కటకాలు పెరిగితే కాంతి తగ్గుతుందన్న ఆర్థోస్కోపిక్ పక్షపు అభ్యంతరం ఒకనాడు న్యాయమైనదే. ప్రతిఫలనాన్ని తగ్గించే పూత లేని ప్రతి గాజు ఉపరితలమూ సుమారు 4 శాతం కాంతిని వెనక్కి కొడుతుంది గనుక ఎనిమిది ఉపరితలాలు దాటేసరికి నాలుగో వంతుకు పైగా పోతుంది. మంచి బహుళ పూత ఉన్న చోట ఆ నష్టం ఒక్కో ఉపరితలానికి అర శాతం చుట్టూనే ఉంటుంది. 2007లో వచ్చిన టెలివ్యూ వారి 100 డిగ్రీల ఎథోస్, ఆ తర్వాత వచ్చిన 110 డిగ్రీల 3.7 మిల్లీమీటర్ల రకం ఈ పునాది మీద నిలిచినవే. పైన చెప్పిన దూరదర్శినిలో ఈ రెండోది సుమారు 324 రెట్ల ఆవర్ధనం ఇచ్చి కూడా గ్రహాన్ని 80 సెకన్ల పాటు నిలుపుతుంది. 200 రెట్ల దగ్గరే ప్లోసెల్ 60 సెకన్లకు చేతులెత్తేస్తుంది.

కళ్లజోడు తీయకుండా చూసేవారు మాత్రం డిగ్రీలకన్నా కంటికి, కటకానికి మధ్య దొరికే దూరాన్నే ముందు చూసుకోవాలి. 70 డిగ్రీల పెంటాక్స్ ఎక్స్‌డబ్ల్యూ, 72 డిగ్రీల డెలోస్ ఐపీసులు దృశ్యం కొంత తగ్గించి ఆ దూరాన్ని 20 మిల్లీమీటర్ల దాకా ఇస్తాయి. ఇక మోటారు అమర్చిన దూరదర్శిని ఉండి, గ్రహాలు తప్ప మరేదీ చూడనివారికి మంచి ఆర్థోస్కోపిక్ ఈనాటికీ చాలు.