ప్రతిదీ రెండుసార్లు చెయ్యండి

పిల్లలూ,

పరీక్షలు అయిపోయాయి కదా. మొదటి మూడు రోజులూ హాయిగా గడిచిపోతాయి. నాలుగో రోజు మధ్యాహ్నానికి "బోర్ కొడుతోంది" మొదలవుతుంది. మీ అమ్మ కూడా మీ వయసులో ఎండాకాలం వస్తే నా వెనకాలే తిరుగుతూ ఇదే మాట అనేది. అప్పుడు తనతో చేయించినవి, తర్వాత మీతో చేద్దామనుకుని కుదరనివి కొన్ని ఈ ఉత్తరంలో రాస్తున్నాను. వీటికి కావలసినవి దాదాపు అన్నీ ఇంట్లోనే దొరుకుతాయి.

కానీ ఒక షరతు ఉంది. ఇందులో ఏది చేసినా రెండుసార్లు చెయ్యాలి. మొదటిసారి నేను చెప్పినట్టే చెయ్యండి. రెండోసారి ఒక్కటంటే ఒక్కటే మార్చండి. రెండు మూడు ఒకేసారి మార్చేస్తే, తేడా దేనివల్ల వచ్చిందో మీకే తెలీదు. మొదటిసారి చేసినప్పుడు ఒక వస్తువు తయారవుతుంది. అది అలా ఎందుకు అయిందో రెండోసారికి గానీ తెలియదు. నాకు ఆ రెండోదే ఎక్కువ ఇష్టం.

ముందు ఐస్‌క్రీమ్ చెబుతాను, మీరు ఎలాగూ దానికోసమే వెతుకుతారు. కాచి, ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచిన చిక్కటి పాలు ఒక గ్లాసు తీసుకోండి. రెండు చెంచాల పంచదార, ఉంటే నాలుగు చుక్కల వెనిల్లా ఎసెన్స్ వేసి బాగా కలపండి. చిన్న జిప్ కవర్లో పోసి, లోపలి గాలి నొక్కి తీసేసి బిగించండి. దాన్ని ఇంకో చిన్న కవర్లో పెట్టి అదీ బిగించండి. ఇప్పుడు ఒక పెద్ద కవర్లో సగం దాకా ఐస్ ముక్కలు పోసి, అరకప్పు ఉప్పు చల్లి, మధ్యలో పాల కవరు పెట్టి మూసెయ్యండి. మొత్తాన్ని మందపాటి తువ్వాలులో చుట్టి ఊపండి. పది, పదిహేను నిమిషాలు ఊపాలి. చేతులు నొప్పి పుడతాయి, అందుకే ఇంట్లో అందరూ వంతులవారీగా ఊపితే బాగుంటుంది.

రెండు చిన్న కవర్లు ఎందుకో చెబుతాను. మొట్టమొదటిసారి నేను ఒక్క కవరుతోనే సరిపెట్టాను. ఒక మూల జిప్ సరిగ్గా పట్టలేదు, నేను చూసుకోలేదు. మీ అమ్మకి అప్పుడు ఏడేళ్లు. పావుగంట ఓపిగ్గా ఊపింది, చెంచా పట్టుకుని కూర్చుంది, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఉప్పు కషాయం! కళ్లనిండా నీళ్లు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. మీరు మాత్రం జిప్ మీద వేలు ఈ చివర నుంచి ఆ చివరి దాకా రెండుసార్లు రాసి చూసుకోండి.

ఊపుతున్నప్పుడు చెవి పెట్టి వినండి. మొదట్లో పాలు లోపల గలగలమంటాయి. ఏడెనిమిది నిమిషాలయ్యాక ఆ చప్పుడు మందగిస్తుంది. తువ్వాలు విప్పి చూస్తే కవరు లోపలి గోడకి తెల్లటి పొర అంటుకుని ఉంటుంది. ఇంకాసేపు ఊపితే ఆ పొర ఊడి మధ్యలోకి వచ్చి కలుస్తుంది, మళ్లీ కొత్త పొర కడుతుంది. చివరికి గలగల పూర్తిగా ఆగిపోయి, మెత్తటి ముద్ద చేతికి తగులుతుంది. అప్పుడు తీసి, పై కవరుకి అంటిన ఉప్పునీళ్లు పంపు కింద కడిగి, ఆ తర్వాతే విప్పండి.

రెండోసారి అంతా ఇలాగే చెయ్యండి, ఉప్పు మాత్రం వెయ్యకండి. అరగంట ఊపినా పాలు చల్లబడతాయే తప్ప గడ్డకట్టవు. ఎందుకంటే కరుగుతున్న మామూలు ఐస్ 0 డిగ్రీల దగ్గరే ఉంటుంది, అంతకంటే కిందికి పోదు. పంచదార కలిపిన పాలు గడ్డకట్టాలంటే 0 కంటే ఇంకొంచెం కిందికి పోవాలి. ఉప్పు వేస్తే ఐస్ ఆ చలిలో కూడా కరగడం మొదలుపెడుతుంది. కరగడానికి దానికి వేడి కావాలి. ఆ వేడిని పక్కనున్న పాల నుంచి లాగేసుకుంటుంది. ఉప్పు, ఐస్ సరైన పాళ్లలో కలిస్తే మైనస్ 21 డిగ్రీల దాకా పోవచ్చు. మన కవర్లో అంత దాకా పోదు గానీ, పాలు గడ్డకట్టడానికి ఎంత కావాలో అంతకంటే ఎక్కువే చల్లబడుతుంది. అందుకే తువ్వాలు లేకుండా పట్టుకోవద్దంటున్నాను. ఉప్పు కలిపిన ఐస్‌ని వట్టి చేత్తో కాసేపు పట్టుకుంటే చర్మం కాలినట్టు దెబ్బతింటుంది. ఇందులో పంతాలు, పందేలు వద్దు.

ఓపిక ఉంటే మూడోసారి ఉప్పు వేసి, ఊపకుండా వదిలెయ్యండి. గట్టి మంచుగడ్డ వస్తుంది, నాలుక మీద గరుగ్గా తగులుతుంది. ఊపడం వల్లే ఐస్ పలుకులు చిన్నచిన్నవిగా ఉండి మెత్తదనం వస్తుంది.

ఇక కాగితం పని. పాత న్యూస్‌పేపర్ తీసుకోండి. కత్తెర పట్టే ముందు ఒక షీటుని పై నుంచి కిందికి చేత్తో చించండి. ఇంకో షీటుని అడ్డంగా చించండి. చాలా పేపర్లలో ఒక వైపు చినుగు గీత గీసినట్టు నిటారుగా వస్తుంది, ఇంకో వైపు ఎంత జాగ్రత్త పడ్డా వంకరలు పోతుంది. కాగితం మిషన్ మీద తయారయ్యేటప్పుడు అందులోని పీచు ఎక్కువగా మిషన్ నడిచే దిశలోనే సర్దుకుంటుంది. పీచు వెంట చించితే సాఫీగా పోతుంది, పీచుకి అడ్డంగా పోతే మొండికేస్తుంది. నిటారుగా వచ్చే వైపు చూసుకుని మూడు వేళ్ల వెడల్పున పొడవాటి పట్టీలు చించుకోండి. రెండు మూడు అతికిస్తే మీటరు పొడవు వస్తుంది.

ఒక పట్టీని గాజులా గుండ్రంగా చుట్టి రెండు కొసలూ జిగురుతో అతికించండి. అది ఆరాక నడిమధ్యన చుట్టూ కత్తిరిస్తే రెండు సన్నటి గాజులు వస్తాయి. ఇందులో వింతేమీ లేదు. ఇప్పుడు రెండోసారి. పట్టీ అంతే, జిగురు అంతే. అతికించే ముందు ఒక కొసని మాత్రం ఒక్కసారి తిరగెయ్యండి, అంటే దాని కింది వైపు పైకి రావాలి. అతికించాక పెన్ను తీసుకుని మధ్యలో గీత గీసుకుంటూ పోండి, పెన్ను ఎత్తకండి. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చేసరికి కాగితానికి రెండు వైపులా గీత ఉంటుంది! పెన్ను ఎత్తలేదు, అంచు దాటలేదు. అంటే దీనికి ఉన్నది ఒక్క వైపే.

ఆ గీత మీదే కత్తిరించండి. కత్తిరించే ముందు ఎన్ని ముక్కలవుతాయో ఇంట్లో అందర్నీ అడిగి ఒక కాగితం మీద రాయించండి. రెండు అని రాసినవాళ్లు ఓడిపోతారు. ముక్కలవదు, రెట్టింపు పొడవున్న ఒక్కటే చుట్ట వస్తుంది. ఇంకొకటి చేసి, ఈసారి మధ్యలో కాకుండా అంచు నుంచి మూడో వంతు దూరంలో కత్తిరించుకుంటూ పోండి. కత్తెర రెండు చుట్లు తిరిగాక, ఒకదానిలో ఒకటి చిక్కుకున్న రెండు చుట్టలు వస్తాయి. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. దీన్ని మోబియస్ పట్టీ అంటారు. జర్మనీలో మోబియస్, లిస్టింగ్ అనే ఇద్దరు గణిత పండితులు 1858లో ఒకరికి తెలియకుండా ఒకరు దీని సంగతి కనిపెట్టారు. పేరు మాత్రం ఒక్కరిదే నిలిచింది, లిస్టింగ్‌ని తలచుకుంటే నాకు కాస్త బాధగా ఉంటుంది.

సాయంత్రం ఆకలి వేళకి పాప్‌కార్న్. స్టవ్ దగ్గర పెద్దవాళ్లు ఉండాలి, ఇందులో మాత్రం బేరాల్లేవు. పాప్‌కార్న్ కోసం అమ్మే గింజలే కావాలి. చిన్నగా కనిపించే ఆ గింజలో సుమారు 14 శాతం నీరు ఉంటుంది. పైపొట్టు గట్టిగా మూసి ఉంటుంది కాబట్టి, వేడెక్కినప్పుడు ఆ ఆవిరికి బయటికి దారి దొరకదు. దాదాపు 180 డిగ్రీల దగ్గర లోపలి ఒత్తిడికి పొట్టు తట్టుకోలేక పగులుతుంది, మెత్తబడిన పిండి నురగలా ఉబ్బి అక్కడికక్కడే ఆరిపోతుంది. ఇవన్నీ ఎలా తెలుస్తాయి? రెండోసారి ఇరవై గింజలు లెక్కపెట్టి తీసుకోండి. పది గింజలకి పెద్దవాళ్ల చేత కత్తితో గాటు పెట్టించండి, పది అలాగే ఉంచండి. విడివిడిగా వేయించి, ఎన్నెన్ని పేలాయో లెక్క రాసుకోండి. గిన్నె అడుగున మిగిలిపోయే మొండి గింజల్ని ఆ తర్వాత ఒకసారి పరీక్షగా చూడండి.

నీడ ఆట గురించి కూడా చెప్పాలి. నేల చదునుగా ఉన్నచోట పొద్దున్నే ఒక కర్రని నిటారుగా పాతండి. మట్టి లేకపోతే ఇసుక నింపిన డబ్బాలో గుచ్చి డాబా మీద పెట్టండి. గంటకోసారి వెళ్లి నీడ కొస దగ్గర ఒక రాయి పెట్టి, దాని మీద టైము రాయండి. టోపీ పెట్టుకుని, పరుగున వెళ్లి పరుగున రండి. సూర్యుడి వైపు మాత్రం నేరుగా చూడొద్దు. సాయంత్రానికి మీకొక గడియారం తయారవుతుంది. రెండో రోజు దాన్ని చూసి టైము చెప్పి, గోడ గడియారంతో సరిపోల్చండి. అన్నిటికన్నా పొట్టి నీడ ఏ రాయి దగ్గర ఉందో చూడండి, ఆ నీడ ఉత్తర దక్షిణాల వెంట ఉంటుంది. అది సరిగ్గా పన్నెండింటికే పడాలని లేదు. మన గడియారాలు దేశమంతటికీ ఒకటే టైము చూపిస్తాయి, సూర్యుడు ఒక్కో ఊరికి ఒక్కో వేళకి నడినెత్తి మీదికి వస్తాడు. రాళ్లు తీయకుండా ఉంచి, మూడు వారాల తర్వాత అవే టైములకి మళ్లీ చూడండి. ఈసారి మారింది తేదీ ఒక్కటే. 2,200 ఏళ్ల కిందట ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టులో ఇలాగే రెండు ఊళ్లలో మధ్యాహ్నపు నీడలు పోల్చి భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. ఆయన నీడల్లో చూసిన తేడా సుమారు 7 డిగ్రీలు, అంటే పూర్తి చుట్టులో యాభయ్యో వంతు. దాన్నిబట్టి ఆ రెండు ఊళ్ల మధ్య దూరాన్ని 50తో గుణించాడు. ఇది మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

సబ్బు బుడగలు మీకు తెలిసినవే. గిన్నెలు కడిగే లిక్విడ్ ఒక చెంచా, నీళ్లు ఆరు చెంచాలు, అర చెంచా పంచదార. తీగని గుండ్రంగా వంచి ఊదండి, తర్వాత చదరంగా వంచి ఊదండి. చదరపు బుడగ వస్తుందా? పొడివేలు, తడివేలు కూడా పెట్టి చూడండి. జవాబు నేను చెప్పను.

రాత్రి అన్నాలయ్యాక అందరూ కూర్చుని ఆడే ఆట ఒకటుంది. ఒక పళ్లెంలో ఇరవై చిన్న వస్తువులు పెట్టి, ఒక నిమిషం చూపించి, గుడ్డ కప్పెయ్యాలి. గుర్తున్నవి ఎవరికి వాళ్లు రాసుకోవాలి. రెండోసారి వేరే ఇరవై పెట్టండి, అవే పెడితే పాతవి గుర్తుండి లెక్క తప్పుతుంది. ఈసారి చూసేటప్పుడు వస్తువుల్ని కథలాగా కలుపుకోండి: తాళంచెవితో డబ్బా తెరిచాను, డబ్బాలో గుండీ దొరికింది, గుండీకి దారం కావాలి... మొదటిసారి పదకొండు రాసిన మీ అమ్మ కథ కట్టుకున్నాక పదిహేడు రాసింది. తనకి అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.

ఈ ఉత్తరం మీ అమ్మానాన్నలకి కూడా చదివి వినిపించండి. వాళ్లకి నా మాట ఒకటి ఉంది. స్టవ్, కత్తి, నీళ్ల బకెట్ దగ్గర కళ్లు పిల్లల మీదే ఉంచండి. మిగతా చోట్ల చేతులు కట్టుకుని కూర్చోండి. పిల్ల కత్తెర వంకరగా నడిపిస్తోందని చేతిలోంచి లాక్కోవద్దు. పాలు ఒలికితే తుడిచే గుడ్డ ఎక్కడుందో చూపిస్తే చాలు, తుడిచేది వాళ్లే. నేను మొదట్లో అన్నీ నేనే సర్దేసేదాన్ని, పని తొందరగా అయిపోయేది, మీ అమ్మ మాత్రం పక్కన నిలబడి చూసేది. చెయ్యి ఆడనిస్తేనే ఆట తనదవుతుందని తెలుసుకోవడానికి నాకు ఒక ఎండాకాలం పట్టింది.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఎడమ పేజీలో మొదటిసారి ఏమైందో, కుడి పేజీలో ఏం మార్చారో, దానివల్ల ఏమైందో రాయండి, బొమ్మలు వెయ్యండి. అనుకున్నట్టు రాకపోతే కొట్టివెయ్యకండి, వచ్చింది వచ్చినట్టే ఉంచండి. గాటు పెట్టిన పది గింజల్లో ఎన్ని పేలాయో, మీ పొట్టి నీడ ఎన్ని గంటలకి పడిందో నాకు ఉత్తరం రాయండి. మోబియస్ పట్టీకి ఒకసారి కాకుండా రెండుసార్లు మెలి తిప్పి అతికించి, మధ్యలో కత్తిరిస్తే ఏం వచ్చిందో కూడా రాయండి. ఫోన్‌లో చెప్పొద్దు, కాగితం మీద చదువుకుంటాను.

ప్రేమతో,
మీ అమ్మమ్మ