స్కూలు బ్యాండ్ ఆన్‌లైన్‌లో నేర్పడం: అపోహలు – వాస్తవాలు

స్కూలు బ్యాండ్ అనగానే ఆగస్టు 15న గ్రౌండ్‌లో మోగే డ్రమ్ములే గుర్తొస్తాయి. 2020లో బడులు మూతపడ్డాక నేను ఆ డ్రమ్ములను ఫోన్‌లో నేర్పాల్సి వచ్చింది. బడులు తెరిచాక కూడా వారానికి ఒక ఆన్‌లైన్ క్లాసు మానలేదు. తల్లిదండ్రులు, తోటి మాస్టార్లు నాతో తరచూ అనే మాటలివి.

అపోహ: నెట్ స్పీడ్ బాగుంటే అందరూ కలిసి వాయించొచ్చు.

వాస్తవం: మామూలు వీడియో కాల్‌లో కుదరదు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. పది మీటర్ల దూరంలోని డ్రమ్ము మన చెవికి చేరేసరికి దాదాపు 30 మిల్లీసెకన్లు పడుతుంది. అంతవరకు పిల్లలు సర్దుకుంటారు. వీడియో కాల్‌లో 150 మిల్లీసెకన్ల ఆలస్యం మామూలే. అది 50 మీటర్ల అవతల నిలబడి వాయించడంతో సమానం. వీళ్ల దెబ్బ కోసం వాళ్లు, వాళ్ల దెబ్బ కోసం వీళ్లు ఆగుతూ పోతే లయ నీరుగారిపోతుంది. గ్రౌండ్‌లోనూ ఈ చిక్కు ఉంది. అందుకే కవాతులో బ్యాండ్‌ను ముందుండి నడిపే డ్రమ్ మేజర్ చేతికర్ర మీదే కన్నుంచమంటాం. స్పీడ్ ప్లాన్ మారిస్తే డేటా ఎక్కువ వస్తుంది గానీ ఆలస్యం పోదు. రోడ్డు వెడల్పు చేస్తే విజయవాడ హైదరాబాద్‌కు దగ్గరవుతుందా? జామ్యులస్ లాంటి సాఫ్ట్‌వేర్ ఆలస్యాన్ని బాగా తగ్గిస్తుంది. కానీ దానికి కంప్యూటరు, వైరు నెట్, వైరు హెడ్‌ఫోన్స్ ఉండాలి. మా పిల్లల్లో చాలామందికి ఉన్నది అమ్మ ఫోనే.

అందుకని క్లాసులో నా మైకు ఒక్కటే ఆన్‌లో ఉంటుంది, పిల్లలు మ్యూట్‌లో నాతోపాటు వాయిస్తారు. తర్వాత ఎవరి పాఠం వాళ్లు రికార్డు చేసి వాట్సాప్‌లో పంపుతారు. ఆన్‌లైన్ అసలు బలం నాకు కనిపించింది ఇక్కడే. సైడ్ డ్రమ్‌లో ‘కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ’ అనే పాఠం ఉంటుంది. రెండేళ్లుగా నా దగ్గర నేర్చుకుంటున్న ఒక అబ్బాయి అందులో ఎడమచేతి రెండో దెబ్బ మింగేస్తున్నాడని ఆ రికార్డింగ్ వింటేనే తెలిసింది. గ్రౌండ్‌లో పక్కవాళ్ల మోత వాడి తప్పును కప్పేసింది. నాకు చాలా బాధేసింది. టిక్ టిక్ మంటూ లయ చూపే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, రోజూ పది నిమిషాలు ఎడమచేత్తోనే కొట్టించాను. రెండు నెలల్లో దారికొచ్చింది.

అపోహ: ట్రంపెట్ శబ్దం తెగిపోతోందంటే ఖరీదైన మైక్ కొనాలి.

వాస్తవం: ముందు సెట్టింగ్ చూడండి. కాల్ యాప్‌లు మాటల కోసం తయారైనవి. సాగదీసిన స్వరాన్ని ఫ్యాను చప్పుడనుకుని అణిచేస్తాయి. జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ ఆన్ చేయండి. ఫోన్‌ను ట్రంపెట్‌కు ఎదురుగా కాకుండా నాలుగైదు అడుగుల దూరంలో పక్కగా పెట్టండి.

అపోహ: వాయిద్యం స్కూల్లోనే ఉంటే ఆన్‌లైన్ క్లాసు దండగ.

వాస్తవం: చెక్క మీద పాత ట్యూబు ముక్క బిగించి కొడితే కర్ర చక్కగా ఎగిరొస్తుంది. దిండు మీద మాత్రం వద్దు, కర్ర ఎగరదు. ఊదే పిల్లలు మౌత్‌పీస్ (నోటి దగ్గర పెట్టుకునే ముక్క) ఒక్కటి ఇంటికి తీసుకెళ్లినా పెదవుల పట్టు, ఊపిరి సాధన చేయొచ్చు.

అపోహ: సాధన యాప్‌లో పచ్చరంగు వస్తే సరిగా వాయించినట్టే.

వాస్తవం: యాప్ స్వరం, కాలం చూస్తుంది. బుగ్గలు ఉబ్బించి ఊదుతున్నారా, భుజాలు బిగబట్టారా అన్నది దానికి పట్టదు. అవి నేను వీడియోలో చూసి చెప్పాల్సినవే. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకరోజు రాత్రి ఒక తల్లి ఫోన్ చేసి, ‘సార్, పాప సీ స్వరం వాయిస్తుంటే స్వరం పేరు చూపే ట్యూనర్ బీ ఫ్లాట్ అంటోంది, ట్రంపెట్ పాడైందా?’ అని టెన్షన్ పడ్డారు. ఏమీ కాలేదమ్మా అన్నాను. మనం వాడే ట్రంపెట్, క్లారినెట్‌ల మీద సీ వాయిస్తే పియానోలోని బీ ఫ్లాట్ వినిపిస్తుంది, ఆల్టో శాక్సఫోన్ అయితే ఈ ఫ్లాట్. ఇప్పుడు ఈ సంగతిని మొదటి క్లాసులోనే తల్లిదండ్రులకు చెప్పేస్తున్నాను.